గేటు దాకా తెలిసిన మేడలు

సరస్సు ఒడ్డున ఒక పాత మేడ. వసారాలో బావ, బావమరిది చెప్పుల మీదికి గుడ్డ తొడుగులు వేసుకుంటున్నారు.

"అది కాదు బామ్మర్దీ, కుడికాలిది ఎడమకాలికి తొడిగావు."

"రెండూ ఒకటే బావా. గుడ్డసంచులేగా."

"అట్లా అనకు. కాలితో చేసే పని ఏదైనా కుడి ఎడమ తెలియాలి. ఎడమ క్లచ్చు, కుడి బ్రేకు. ఇదే చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. ముందు ఆ ఫోను జేబులో పెట్టు, లోపల ఫోటోలు తీయనివ్వరంట."

"ఫోటోలకి కాదు బావా."

"మరి దేనికి? పొద్దున్నించీ దాన్ని వదలకుండా పట్టుకున్నావు, గుడ్లు పొదిగే కోడిలా."

"స్కూలు వాళ్ళు చేస్తారేమోనని. బస్సు సర్వీసింగుకి ఇచ్చాను."

"ఆదివారం సర్వీసింగా?"

"ఆ... అర్జెంటు."

"అర్జెంటు సర్వీసింగు! నా సర్వీసులో వినలేదు. సరే పద. అయినా ఇన్నేళ్ళుగా వస్తున్నావు, పోతున్నావు, ఏనాడూ ఊరు చూపించమని అడిగినవాడివి కాదు. ఇవాళ పొద్దున్నే లేచి తల దువ్వుకుని, మేడలు చూడాలంట, మ్యూజియం చూడాలంట, తోటలు చూడాలంట!"

"చూడాలనిపించింది బావా. తప్పా?"

"తప్పని ఎవరన్నారు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం? నాకూ సరదాగానే ఉంది. నేనూ లోపలికి రావడం ఇదే."

"ఏంటీ? ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుండి ఈ మేడ చూళ్ళేదా?"

"గేటు దాకా నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. ఆ గేటు ముందు ఎత్తు చూశావుగా? హాఫ్ క్లచ్చు అక్కడే నేర్పిస్తా. రివర్సేమో మ్యూజియం ముందు. పార్కింగు తోట గోడ పక్కన. ఊళ్ళో సగం మంది ఆ గోడకి బండి రాసినవాళ్ళే, తమరితో సహా. లోపలికి మాత్రం... పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారే, అట్లాగ."

"అక్కని కూడా తీసుకురాలేదా?"

"అడుగుతూనే ఉండేది పాపం. వచ్చే ఆదివారం వెళదాంలే, మేడ ఎక్కడికీ పారిపోదుగా అనేవాణ్ణి. పారిపోలేదుగా మరి, ఇదిగో, ఇక్కడే ఉంది. ఇవాళ నేనే రమ్మంటే తలనొప్పంది."

"అవును, తలనొప్పంది."

"నీతో ఎప్పుడంది?"

"పొద్దున... కాఫీ ఇచ్చేటప్పుడు."

"అట్లాగా. నాతో నువ్వు స్నానానికెళ్ళాక అంది."

"సార్! డ్రైవింగ్ మాస్టారూ!"

"ఎవరమ్మా... ఓహో, ఫస్ట్ గేరు! నువ్విక్కడేంటి?"

"ఇక్కడ గైడుగా చేరాను సార్. గుర్తుపట్టారు, అదే పదివేలు."

"మర్చిపోతానా తల్లీ! బామ్మర్దీ, ఈ అమ్మాయి నా దగ్గర నేర్చుకున్నన్నాళ్ళూ సెకండు గేరు వెయ్యలేదు. ఊరంతా ఫస్ట్ గేరులోనే తిప్పింది. కింద ఇంజనేడ్చేది, పక్కన నేనేడ్చేవాణ్ణి."

"ఇప్పుడు టాప్ గేరులో వెళ్తున్నాను సార్. రండి రండి. తాడు దాటకండి, ఏదీ ముట్టుకోకండి. ఇది వాళ్ళ భోజనాల గది."

"అబ్బో, ఎంత పొడుగు బల్లో! ఆ చివర కూర్చున్నవాడికి ఉప్పు కావాలంటే మనిషిని పంపించాల్సిందే."

"నిజంగానే పంపేవాళ్ళు సార్. ఆ గోడకి వరసగా గంటలున్నాయి చూశారా? పైన ఏ గదిలో తాడు లాగితే ఇక్కడ ఆ గది గంట మోగేది. పనివాళ్ళు చూసి పరిగెత్తేవాళ్ళు."

"మా ఇంట్లో గంటలక్కర్లేదమ్మా. నేను నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది."

"మేడం కూడా అదే అన్నారు సార్."

"ఏ మేడం?"

"మీ మేడమే సార్. మా ఇంట్లో ఒకటే గంట, ఆపినా ఆగదు అన్నారు. నవ్వలేక చచ్చాం."

"మా ఆవిడా? ఇక్కడికి వచ్చిందా?"

"వస్తుంటారుగా సార్, మధ్యాహ్నాలు. పైన కిటికీ దగ్గర కూర్చోడానికి బల్ల ఉంది. నీళ్ళు బాగా కనిపిస్తాయి. అక్కడ కూర్చుంటారు, ఊరికే. ఒకరోజు మూసే వేళైందని నేనే వెళ్ళి లేపాను. మీకు... చెప్పలేదా సార్?"

"చెప్పింది, చెప్పింది. చెప్పే ఉంటుంది. నేనే విని ఉండను."

"బావా, పోనీ అవతలి గది చూద్దామా?"

"ఉండరా. ఆ కిటికీ ఎటమ్మా?"

"ఈ మెట్లెక్కి ఎడమచేతి వైపు సార్. చివరి గది. మీరెళ్ళండి, నేను వచ్చినవాళ్ళని చూసుకునొస్తా."

"బావా, నువ్వు పద. నాకు ఫోనొస్తోంది."

మేడ మెట్ల మలుపు. ఫోనులో అక్క.

"చెప్పక్కా. మెల్లిగా మాట్లాడు."

"ఎక్కడున్నార్రా?"

"మేడలో. బావ పైనున్నాడు. అయిందా?"

"ఎక్కడయింది! వ్యాను ఇంకా రాలేదు. బట్టలు సర్దాను. కుట్టుమిషను దగ్గరే ఆగిపోయాను. తీసుకెళ్ళాలా వద్దా?"

"అదేం ప్రశ్న? నీ మిషనేగా."

"నాదే. కానీ రేపు ఆయన చొక్కాకి చిరుగుపడితే ఏం చేస్తాడు?"

"అక్కా!"

"సరేలే. సాయంత్రం దాకా ఆయన్ని ఇటు రానీకు నాన్నా. నీకు పుణ్యముంటుంది."

"పుణ్యమా! ఆయనేమో జోకులేస్తున్నాడు, నేను నవ్వుతున్నాను. నవ్వినప్పుడల్లా నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తోంది. మొహం మీద చెప్పి వెళ్ళొచ్చుగా అక్కా?"

"చెప్పలేదా? రెండుసార్లు చెప్పాను. మొదటిసారి పెట్టె గుమ్మం దాకా వచ్చింది. ఆయన నవ్వాడు, నన్ను నవ్వించాడు, టీ పెట్టి తెచ్చిచ్చాడు. పొద్దుగూకేసరికి నా చేత్తో నేనే బట్టలన్నీ మళ్ళీ బీరువాలో పెట్టుకున్నాను. రెండోసారీ అదే కథ. ఆయన ఎదురుగా ఉంటే నేను కదల్లేనురా."

"పోనీ... ఉండిపోకూడదూ?"

"ఒరేయ్, ఆయన నేర్పే బండిలో పక్కసీటు కింద ఇంకో బ్రేకుంటుందే, నువ్వూ నేర్చుకున్నావుగా."

"ఆ."

"నేర్చుకునేవాడు ఎంత తొక్కనీ, ఆయన కాలు పెడితే బండి ఆగిపోద్ది. నాదీ ఆ బతుకే. కుట్టు క్లాసు పెడతానన్నాను. ఎందుకులే నీకు శ్రమ అన్నాడు. హాస్టల్లో వార్డెనుగా రమ్మంటున్నారన్నాను. చూద్దాంలే అన్నాడు. ఒక్క మాట కసిరాడా? లేదు. చెయ్యెత్తాడా? రామ రామ. చెడ్డవాడైతే ఎప్పుడో వెళ్ళిపోయేదాన్ని. ఇంట్లో ఉండేది ఇద్దరం, మాట మాత్రం ఒక్కడిదే. పోనుపోను నా గొంతు నాకే కొత్తగా ఉంటోందిరా."

"ఊరుకో అక్కా, ఏడవకు."

"ఏడవట్లేదు. ఆ హాస్టలు వాళ్ళు మళ్ళీ పిలిచారు. రేపు చేరకపోతే ఇంకెవర్నో పెట్టుకుంటారంట. ఈసారి జారిపోతే ఇంక నాకు ఓపిక రాదు. అక్కడికి చేరగానే నేనే ఆయనకి ఫోను చేసి చెబుతాను. దూరం నుంచైతే చెప్పగలను."

"నువ్వేమో నన్ను ఎత్తుకుని పెంచినదానివి. ఆయన చూస్తే నా చేతికి స్టీరింగిచ్చినవాడు. అడకత్తెరలో పోకచెక్కనైపోయానక్కా."

"తెలుసురా. అందుకే నిన్నే రమ్మన్నాను. ఇంకెవరైనా అయితే ఆయన్ని ఆడిపోసుకుంటూ ఆపుతారు. నువ్వు ప్రేమగా ఆపుతావు."

"అదే కదా నా చావు!"

"ఉండు, బయట హారను మోగింది. వ్యానేమో. పెట్టేస్తున్నా."

మేడ పైగది, కిటికీ దగ్గర.

"ఎవర్రా ఫోను?"

"బస్సు వాళ్ళు బావా."

"ఏమైందంట బస్సుకి?"

"ఏం కాలేదు. చూస్తున్నారంట."

"ఇట్లా రా. ఇక్కడ కూర్చో. ఎంత నిశ్శబ్దంగా ఉందో చూశావా?"

"బాగుంది బావా."

"నీళ్ళు కనిపిస్తున్నాయి. లేక్ రోడ్డు కనిపిస్తోంది. అదిగో, నా డ్రైవింగ్ స్కూలు బోర్డు కూడా కనిపిస్తోంది. మన ఇల్లు కనిపిస్తుందేమోనని ఇందాకణ్ణుంచీ చూస్తున్నా. కనిపించట్లేదు."

"చెట్లు అడ్డమున్నాయేమో."

"అందుకే ఇక్కడికొచ్చి కూర్చునేదేమోరా."

"అట్లా ఎందుకనుకుంటావు బావా! నీళ్ళు చూడ్డానికి వచ్చి ఉంటుంది."

"నీళ్ళు మన మిద్దె మీంచీ కనిపిస్తాయి. రోజూ మధ్యాహ్నం స్కూలు నుంచి తన సెల్లుకి ఫోను చేసేవాణ్ణి. ఏం చేస్తున్నావంటే, కుట్టుకుంటున్నానండీ అనేది. ఇక్కణ్ణుంచే అనేదేమో. సరే, పద. ఇంటికెళదాం."

"వద్దు!"

"ఎందుకురా అంత కేక?"

"అంటే... మ్యూజియం ఉందిగా. తోట కూడా చూళ్ళేదు."

"రేపు చూద్దాంలే. తలనొప్పన్న మనిషి ఒక్కతే ఉంది. మాత్ర తీసుకెళ్ళి ఇద్దాం."

"పడుకుని ఉంటుంది బావా. లేపడం దేనికి పాపం?"

"పడుకుందంటావా?"

"ఆ. పడుకుంటానని అంది."

"కాఫీ ఇచ్చేటప్పుడా?"

"...ఆ."

"ఇటు చూడు."

"చూస్తున్నాగా."

"నన్ను చూడమంటే ఆ కిటికీ చువ్వల్ని చూస్తావేం? సరేలే. పడుకుందంటే పడుకునే ఉంటుంది. పద, మ్యూజియం చూద్దాం. తొందరేముంది, నిదానంగా చూద్దాం."

మ్యూజియం. ముందు గదిలో పడవలు, వలలు. లోపలి గదిలో ఒక పాత కారు.

"బావా, ఆ పడవ దగ్గర ఇప్పటికే చాలాసేపు నించున్నాం. అట్ట మీద రాసింది మొత్తం చదివావు."

"రాసిందే చదవడానికిరా. లేకపోతే ఎందుకు రాస్తారు? అబ్బ, ఇది చూడు! ఊళ్ళోకి వచ్చిన మొట్టమొదటి కారంట. ఏం దర్జా, ఏం దర్జా! హారను చూడు, బూరలాగుంది."

"బాగుంది."

"బాగుందా! అంతేనా? డ్రైవరువి, కారుని చూస్తే కళ్ళు మెరవాలి. తేలు కుట్టిన దొంగలా అట్లా నించుంటావేంట్రా?"

"ఏం లేదు బావా. నిద్ర చాల్లేదు."

"దీనికి గేరు బయటుంది చూడు, తలుపు అవతల. ఇట్లాంటి బండి మీద నీకు నేర్పాల్సొస్తే సన్యాసం పుచ్చుకునేవాణ్ణి. మామూలు బండికే తోట గోడ కూల్చబోయావు."

"ఆ రోజు తోట వాళ్ళొచ్చి అరుస్తుంటే, నేనే నడిపాను, నాదే తప్పని నువ్వన్నావు."

"అనక? గడ్డం కూడా సరిగ్గా రాలేదు నీకు. వణికిపోతున్నావు."

"ఊళ్ళో డ్రైవింగు మాస్టారే గోడకి గుద్దాడని నెల్లాళ్ళు నవ్వుకున్నారు బావా జనం."

"నవ్వనీ. నవ్వితే నా సొమ్మేం పోయింది?"

"నువ్వు నేర్పిన పనే ఇవాళ నాకు అన్నం పెడుతోంది బావా. నీకు నేను... నీకు నేను చాలా..."

"ఒరేయ్, కళ్ళు తుడుచుకో. మ్యూజియంలో నీళ్ళు కారిస్తే వస్తువులు పాడవుతాయని తిడతారు. ఇదిగో, ఇది విను, పైకే చదువుతా. ఈ కారులో ఊరంతా మొదటిసారి తిరిగిన పెద్దమనిషి ఎవరో రాశారు. ఆయన మీసం సంగతి కూడా రాశారు. పక్కన కూర్చున్నామె సంగతి మాత్రం ముక్క రాయలేదు."

"పక్కన ఒకామె ఉందని నీకెట్లా తెలుసు?"

"ఫోటోలో ఉందిగా. తలకి గుడ్డ కట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని. పేరు లేదు. ఇంత పెద్ద అట్ట మీద ఒక్క పేరుకి చోటు లేదంటావా?"

"బావా, ఇంటికెళదాం."

"ఏంటీ?"

"ఇంటికెళదాం పద. చాలు."

"ఇందాక నేను పదమంటే గావుకేక పెట్టావు?"

"ఇందాక వేరు. నాకు బాలేదు. పద బావా, ఆటో ఎక్కుదాం."

"బాలేకపోతే గాలికి కూర్చోవాలి గానీ ఆటో ఎక్కుతారా? ఎదురుగానే తోట. పద."

"తోట వద్దు బావా."

"తోట చూడాలని పొద్దున్న పాట పాడిందెవరు? నువ్వేగా. చూద్దాం పద. అద్దాల ఇల్లు కూడా ఉందంట అందులో."

తోట. గులాబీ మళ్ళ పక్కన బెంచీ.

"ఈ పచ్చరంగుది ఏంటో చూడు. ఒక్కో మొక్కకి ఒక్కో చీటీ. చదవరా."

"నేను చదవను."

"కళ్ళజోడు నేను మ్యూజియంలో మర్చిపోయా. నువ్వు చదివితేనే..."

"బావా, నీకు దణ్ణం పెడతాను. ఇప్పుడు బయల్దేరితే అందుకోవచ్చు. లే."

"అందుకోవడమేంట్రా? బస్సా, రైలా?"

"నీకొక మాట చెప్పాలి."

"తర్వాత చెబుదువుగాని. ఆ మొగ్గ చూడు ముందు."

"మొగ్గా లేదు, తొక్కా లేదు! పొద్దున్నించీ నేను నీకు అబద్ధాలు చెబుతున్నాను. బస్సు లేదు, సర్వీసింగూ లేదు. అక్కకి తలనొప్పీ లేదు. అక్క..."

"ఆగు."

"అక్క ఇంట్లో..."

"ఆగమన్నానా? నోరు ముయ్యి. నువ్వా మాట పైకి అన్నావంటే నేను లేవాలి. ఇంతసేపూ ఈ కాళ్ళని ఎట్లా కూర్చోబెట్టానో నాకు తెలుసు."

"...బావా?"

"వారం నుంచీ మీ అక్క నాకు వాషింగ్ మిషను నేర్పిస్తోందిరా."

"వాషింగ్ మిషనా?"

"తెల్లబట్టలు విడిగా వెయ్యాలి. ఏ మీట ఎంత తిప్పాలి. బియ్యానికి ఎన్ని నీళ్ళు. గ్యాసు అయిపోతే ఎవరికి ఫోను చెయ్యాలి. తప్పు చేస్తే కోప్పడదు. మళ్ళీ చెయ్యండి, మళ్ళీ చెయ్యండి అంటుంది. నేనే వెయ్యాలి, తను ముట్టుకోదు. పక్కన చేతులు కట్టుకుని నించుంటుంది."

"బావా..."

"నేను జన్మంతా చేసిన పని అదేగా. నాకు తెలీదా? పక్కనుండి అంత ఓపికగా ఎందుకు నేర్పిస్తారు ఎవరైనా? తర్వాత దిగిపోవడానికేగా."

"అయితే నీకు ముందే..."

"అనుమానంగా ఉండేది. నువ్వు దిగడంతో ఇంకాస్త గట్టిపడింది. ఇందాక మేడలో ఇంటికెళదామంటే నీ మొహం సున్నం కొట్టినట్టయిందే, దాంతో తేలిపోయింది. నీ నోట్లో నువ్వుగింజ నానదు. నీ చేతికి ఇంత పెద్ద పని అప్పగించిందంటే పాపం తనకి ఇంకెవరూ లేకే."

"తెలిసీ నన్ను ఈ మ్యూజియం అంతా తిప్పావా? ప్రతి అట్టా చదివావా?"

"మరి ఏం చెయ్యమంటావు? ఇంటికెళ్ళి గుమ్మంలో నించోనా? నించుంటే ఊరుకుంటానా? ఏదో ఒకటి వాగుతాను. నవ్విస్తాను. టీ పెడతాను. అది మళ్ళీ పెట్టె విప్పుతుంది. రెండుసార్లు విప్పింది. ఒరేయ్, రెండోసారి విప్పాక ఆ మనిషి కూనిరాగం తియ్యలేదురా. మిషను మీద కూర్చుంటే ఎప్పుడూ ఏదో ఒక పాట సన్నగా పాడుకునేది. అది ఆగిపోయింది. నేను గెలిచాననుకున్నా. ఎంత వెధవనో చూడు, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటే హాయిగా ఉందనుకున్నా."

"నువ్వు మంచివాడివి బావా. అక్కే అంది."

"ఏమంది?"

"చెడ్డవాడైతే ఎప్పుడో వెళ్ళిపోయేదాన్నంది."

"...అట్లా అందా."

"అంది."

"అయితే ఇన్నేళ్ళూ నా మంచితనమేగా దాని కాళ్ళకి అడ్డంపడింది. చూశావా, మొగుడు తాగొచ్చి కొడితే నలుగురూ వచ్చి విడిపిస్తారు. నవ్వుతూ గొంతు నొక్కేవాణ్ణి ఎవడాపుతాడు? తప్పు నాదేరా. మొత్తం నాదే. మధ్యాహ్నం పూట తన ఇల్లు వదిలేసి ఎవరిదో ఇంట్లో బల్లమీద కూర్చుందంటే... ఇందాక ఆ కిటికీ దగ్గర నాకు సిగ్గేసింది."

"ఒక్కసారి చూడాలని లేదా బావా? వెళ్ళేముందు?"

"ఉంది."

"మరి?"

"ఉంది కాబట్టే ఇక్కడ కూర్చున్నా. నువ్వూ కూర్చో. నీ ఫోను మోగుతోంది."

"అక్కే. ఏం చెప్పను? నీకు తెలుసని చెప్పేస్తాను. నువ్వు వద్దనలేదని చెబుతా. మనసు తేలికపడుతుంది దానికి."

"చెప్పావంటే చంపుతా. నాకు తెలుసని తెలిస్తే అక్కడే కూలబడుతుంది. తెలిసి కూడా రాలేదే ఆయన, పాపం ఎంత బాధపడుతున్నాడో అంటుంది. వ్యాను వెనక్కి పంపిస్తుంది. దానికి నా మీద జాలి పుడితే ఇంక అయిపోయినట్టే. నేను ఏం తెలీని వెర్రివాణ్ణనే అనుకుంటూ వెళ్ళనీ. ఎత్తు. ఆ స్పీకరు నొక్కు. నేను మాట్లాడను."

"హలో, అక్కా."

"ఎంతసేపురా ఎత్తడానికి! సామానంతా ఎక్కించారు. మిషను కూడా ఎక్కించేశాను. తాళం పక్కింట్లో ఇచ్చి వెళ్తాను. ఒరేయ్... ఆయనెక్కడ?"

"ఇక్కడే. తోటలో."

"ఏం చేస్తున్నాడు?"

"గులాబీలు చూస్తున్నాడు."

"ఆయనా? గులాబీలా? నీ దగ్గర ఏమైనా అడిగాడా? నిజం చెప్పు. ఆయనకి తెలిసిపోయిందేమోనని ఒకటే భయంగా ఉంది. తెలిసిందంటే నేను ఈ బండెక్కలేనురా. చెప్పు, ఆయనకి అనుమానం రాలేదుగా?"

"లేదక్కా. బావకేం తెలీదు, నువ్వెళ్ళు."